కంట్లో విమానం ముక్క.. శుక్లాల ఆపరేషన్‌నే మార్చేసిన డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ కథ ఇదీ!

శుక్లాల ఆపరేషన్ అంటే ఇప్పుడు పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. ఒకప్పుడు అలా కాదు. మసకబారిన లెన్స్ తీసేసి, ఆ చోటు ఖాళీగా వదిలేసేవారు. ఇక జీవితాంతం సోడాబుడ్డి కళ్లద్దాలే. మన తాతయ్యలు, అమ్మమ్మల్లో చాలామంది అలా గడిపినవాళ్లే. ఆ ఖాళీలో ప్లాస్టిక్ లెన్స్ పెట్టి చూపించిన సర్జన్ హెరాల్డ్ రిడ్లీ.

1906లో ఇంగ్లండ్‌లో పుట్టిన రిడ్లీ లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో కంటి డాక్టర్. 1940 ఆగస్టులో, యుద్ధం జరుగుతుండగా గోర్డన్ క్లీవర్ అనే పైలట్ హరికేన్ విమానంపై తూటాలు పడ్డాయి. కాక్‌పిట్ కవర్ పగిలి, పెర్‌స్పెక్స్ ముక్కలు ఆయన కళ్లలోకి దూసుకెళ్లాయి. ఒక కన్ను పోయింది. కానీ లోపల ఉండిపోయిన ముక్కల వల్ల వాపు రాలేదు. నలుసు పడితేనే ఊరుకోని కన్ను ఈ ప్లాస్టిక్‌ను మాత్రం పట్టించుకోలేదు! రిడ్లీ దృష్టి అక్కడే ఆగింది.

తర్వాత ఓ వైద్య విద్యార్థి, తీసేసిన లెన్స్‌కు బదులు కొత్తది ఎందుకు పెట్టరని అడిగాడట. దాంతో రేనర్ కంపెనీతో పెర్‌స్పెక్స్ లెన్స్ చేయించారు. 1949 నవంబర్ 29న మొదటి ప్రయత్నం. 1950 ఫిబ్రవరి 8న శాశ్వతంగా అమర్చారు. అంతా గుట్టుగానే.

1951లో ఆక్స్‌ఫర్డ్ సదస్సులో బయటపెడితే పెద్ద డాక్టర్లే మండిపడ్డారు. కంట్లోంచి తీయాల్సింది పోయి, కొత్త వస్తువు పెడతారా అన్నది వాళ్ల అభ్యంతరం. భయం పూర్తిగా తప్పేమీ కాదు. ఆ లెన్స్ బరువెక్కువ, కొందరికి చోటు తప్పి జారిపోయేది. మొదటి పేషెంట్‌కైతే పవర్ లెక్కే తప్పింది.

లెన్స్ జారకుండా వేరే డాక్టర్లు కనుపాప ముందు పెట్టి చూశారు. అక్కడ కార్నియా దెబ్బతింది. చివరికి మళ్లీ వెనక్కే, అంటే రిడ్లీ ఎంచుకున్న వైపే వచ్చారు. ఇప్పుడు పాత లెన్స్ సంచిలోనే మడత లెన్స్ కూర్చోబెడుతున్నారు. కొన్నిచోట్ల ఫెమ్టోసెకండ్ లేజర్‌తో ఆ సంచికి గుండ్రంగా కోత పెడతారు, లెన్స్ సరిగ్గా మధ్యలో కూర్చోవడానికి. అది కాస్త ఒరిగినా చూపులో తేడా వస్తుంది మరి.

రిడ్లీకి గుర్తింపు చాలా ఆలస్యంగా దక్కింది. 1986లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 2000లో సర్ బిరుదు వచ్చేసరికి వయసు 93. అప్పటికే ఆయన కళ్లకూ శుక్లాలొచ్చాయి, తన పాత ఆస్పత్రిలోనే లెన్సులు వేయించుకున్నారు. 2001 మేలో కన్నుమూశారు.