మూతిగుడ్డ వైద్యుడు ఊ లియెన్-తే

1910 డిసెంబరు నెలాఖరున, ఎముకలు కొరుకు చలిలో, మంచూరియాలోని హార్బిన్ నగరమున ముప్పదియొక్క యేండ్ల వైద్యుడొకడు సూక్ష్మదర్శినితో రైలు దిగెను. నగరము చెంతనున్న ఫూచియాతియెన్‌లో జనులు నెత్తురు కక్కుకొని చచ్చుచుండిరి. కారణము తెలిసికొని రమ్మని చైనా ప్రభుత్వ మాతనిని పంపెను.

ఊ లియెన్-తే చైనాలో పుట్టినవాడు కాడు. 1879లో మలయాలోని పెనాంగున, వలసవచ్చిన యొక కంసాలి యింట జన్మించెను. విద్యార్థివేతనము గెలుచుకొని 1896లో కేంబ్రిడ్జి చేరెను. సికింద్రాబాదున దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డ్ రాస్ వద్ద, లివర్‌పూల్‌లో, కొంతకాలము పనిచేసెను. పెనాంగునకు మరలి నల్లమందు వ్యసనముతో పోరాడి, పిమ్మట టియెన్‌త్సిన్ సైనిక వైద్య కళాశాలలో చేరెను.

హార్బిన్‌లో రహస్యముగా నొక శవపరీక్ష జరిపి, ఇది ఎలుకలవలన గాక రోగి ఊపిరివలననే సోకు ప్లేగని ఊ నిర్ధారించెను. గాజుగుడ్డ పొరల నడుమ దూది నుంచి కట్టు మూతిగుడ్డను ఆయన రూపొందించి, వైద్యులును, పరిచారకులును, శవవాహకులును దానిని ధరింపవలెనని పట్టుబట్టెను. వయసున పెద్దవాడైన ఫ్రెంచి వైద్యుడు మెస్నీ ఆ మాట పెడచెవిని పెట్టెను. మూతిగుడ్డ లేకయే రోగులను పరీక్షించి, 1911 జనవరి 11న ప్లేగుతోనే మరణించెను. అటుతరువాత వీధులలో సైతము మూతిగుడ్డ కట్టనివారు అరుదైరి. బహిరంగ స్థలములందు ముఖము కప్పుకొనుటను 2010లో నిషేధించిన ఫ్రాన్సు చట్టము, ఆరోగ్యకారణమున కప్పుకొనువారిని మినహాయించినది. మెస్నీ స్వదేశమే దాదాపు నూరేండ్లకు ఊ మాటకు శాసనమున చోటిచ్చినదనుకొనవచ్చును.

శాసనబలము లేనిదే ఇట్టి పనులు సాగవని ఆయన యెరుగును. నేల గడ్డకట్టుటచే పూడ్చుటకు వీలుగాని శవములు రెండువేలకు పైగా శ్మశానమున పడియుండెను. పితృదేవతారాధనమే ధర్మముగాగల ఆ జాతికి శవదహనము మహాపచారము. ఊ తొందరపడలేదు. చక్రవర్తి పేర అనుజ్ఞ వచ్చువరకు వేచియుండి, జనవరి 31న చితులకు నిప్పు పెట్టించెను. మార్చి ఒకటవ తేదీతో హార్బిన్‌లో వ్యాధి అణగెను. మంచూరియాలో అప్పటికే సుమారు 60,000 మంది గతించిరి.

ఆ ఏప్రిలులో ముక్డెన్‌లో పదునొకండు దేశముల వైద్యులు సమావేశమైరి. అధ్యక్షుడు ఊ. 1935లో నోబెల్ బహుమతికి ఆయన పేరు ప్రతిపాదింపబడెను గాని బహుమతి రాలేదు. 1937లో యుద్ధము చైనాను చుట్టుముట్టగా మలయాకు మరలి, ఈపో పట్టణమున సామాన్య వైద్యుడుగా రోగులను చూచుకొనుచు, 1959లో ఆత్మకథ వెలువరించి, మరుసటి జనవరిలో పెనాంగుననే కన్నుమూసెను.