పీవీ: మంథని ఎమ్మెల్యే నుంచి ప్రధాని దాకా.. ఆకాశానికి తలుపులు తీశారు, మరి కింద నుంచి దారి చూపేవాళ్లేరీ?

తలెత్తి చూస్తే విమానం కనిపిస్తుంది. లోపల పైలట్ ఉంటాడని అందరికీ తెలుసు. కానీ ఆ విమానం ఏ ఎత్తులో వెళ్లాలి, ఎప్పుడు దిగాలి, ఎవరికి దారివ్వాలి అని కింద నుంచి చెప్పే మనిషి మరొకరుంటారు. వాళ్లే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు. మన దేశంలో ఈ సేవను ప్రధానంగా నడిపేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా. ఆ సంస్థ పుట్టింది ఎవరి హయాంలోనో తెలుసా? మంథని నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడే!

లక్నేపల్లి టు ఢిల్లీ..

పీవీ పుట్టింది 1921 జూన్ 28న, నర్సంపేట దగ్గరున్న లక్నేపల్లిలో. దత్తత వెళ్లింది వంగరకు. కుర్రాడిగా ఉండగానే వందేమాతరం ఉద్యమంలోకి దిగారు. దాంతో నిజాం రాజ్యంలో చదువుకునే దారి మూసుకుపోయింది. నాగ్‌పూర్ వెళ్లి లా పూర్తి చేశారు. 1952లో తొలిసారి లోక్‌సభకు పోటీ చేసి, కమ్యూనిస్టు నేత బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆ తర్వాత మంథని ఆయన్ని అక్కున చేర్చుకుంది. ఈరోజు మహదేవపూర్, కాటారం, కాళేశ్వరం ఉన్న నియోజకవర్గం అదే. 1957 నుంచి వరుసగా నాలుగు ఎన్నికల్లో అక్కడి నుంచే గెలిచారు.

1971 సెప్టెంబర్ 30న ఉమ్మడి ఏపీ ముఖ్యమంత్రి అయ్యారు. భూ సంస్కరణలు మొదలుపెట్టారు. వందల ఎకరాలున్న పెద్దలకు కోపం వచ్చింది. ఇంతలో జై ఆంధ్ర ఉద్యమం ముదిరింది. 1973 జనవరిలో పదవి పోయింది. అయినా ఢిల్లీలో ఆయన ప్రయాణం ఆగలేదు. విదేశాంగం, హోం, రక్షణ, మానవ వనరులు.. ఇలా పెద్ద శాఖలన్నీ చూశారు. అరవై దాటిన వయసులో కంప్యూటర్ నేర్చుకుని సొంతంగా ప్రోగ్రాములు రాసేవారు. కొత్త టెక్నాలజీ అంటే భయపడే మనిషి కాదన్నమాట.

బంగారం విమానమెక్కిన రోజులు..

1991లో పీవీ లోక్‌సభకు పోటీ చేయలేదు. రాజకీయాలు చాలనుకుని పుస్తకాలు సర్దుకుంటున్న టైమ్‌లో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. జూన్ 21న పీవీ ప్రధానిగా ప్రమాణం చేశారు. సభలో మెజారిటీ లేదు, ఖజానాలో విదేశీ మారకం లేదు. జులైలో దాదాపు 47 టన్నుల బంగారాన్ని విమానాల్లో లండన్ పంపి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో తాకట్టు పెట్టాల్సి వచ్చింది. అప్పటినుంచే సంస్కరణలు ఊపందుకున్నాయి. లైసెన్స్ రాజ్‌కు కోత పడింది. తర్వాత విమానయానం వంతు వచ్చింది.

అసలు 1953 నాటి చట్టం ప్రకారం దేశంలో షెడ్యూల్డ్ విమానాలు నడిపే హక్కు ప్రభుత్వ సంస్థలకే ఉండేది. బేగంపేట కేంద్రంగా ఎగిరిన మన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా అప్పుడే ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. పీవీ హయాంలో ఎయిర్ ట్యాక్సీ పేరుతో ప్రైవేట్ కంపెనీలు ఒక్కొక్కటిగా గాల్లోకి లేచాయి. 1992లో ఈస్ట్ వెస్ట్, 1993లో జెట్, దమానియా, మోడీలుఫ్త్, సహారా.. 1994లో ఆ పాత చట్టాన్నే రద్దు చేశారు.

పైలట్లు సమ్మెకు దిగితే..?

విమానం డబ్బు పెడితే వస్తుంది, అద్దెకైనా దొరుకుతుంది. నడిపే మనిషి అలా దొరకడు. ఈ సంగతి 1992 చివర్లో ప్రభుత్వానికి బాగా తెలిసొచ్చింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మెకు దిగారు. ప్రయాణికులు ఎయిర్‌పోర్టుల్లో చిక్కుకుపోయారు. సర్వీసులు ఆగకూడదని విదేశాల నుంచి విమానాల్ని సిబ్బందితో సహా అద్దెకు తెచ్చారు. అలా వచ్చిన ఒక ఉజ్బెకిస్థాన్ టుపోలెవ్ 1993 జనవరి 9న పొగమంచులో ఢిల్లీలో దిగబోయి బోల్తా పడింది. అదృష్టం కొద్దీ అందులోని 165 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. నైతిక బాధ్యత వహిస్తూ విమానయాన మంత్రి మాధవరావ్ సింధియా రాజీనామా చేశారు. పీవీ ఆమోదించారు. ఆ శాఖ గులాం నబీ ఆజాద్ చేతికి వెళ్లింది.

దీనికి పదేళ్ల ముందే అమెరికాలో ఇంకా పెద్ద గొడవ జరిగింది. 1981లో సమ్మె చేసిన 11 వేల మందికి పైగా కంట్రోలర్లను అధ్యక్షుడు రీగన్ ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆ ఖాళీలు నింపి మామూలు స్థితికి రావడానికి అక్కడ ఏళ్లు పట్టింది. కంట్రోలర్ కావాలంటే శిక్షణ కావాలి, పరీక్షలు పాసవ్వాలి, ఆ తర్వాత సీనియర్ పక్కన కూర్చుని నెలల తరబడి పని నేర్చుకోవాలి. పైగా ఒక ఎయిర్‌పోర్టులో అర్హత వచ్చినా మరో చోటికి బదిలీ అయితే అక్కడ మళ్లీ నేర్చుకోవాల్సిందే.

రెండు సంస్థలు ఒక్కటయ్యాయిలా..

అప్పటిదాకా మనకు రెండు సంస్థలుండేవి. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై లాంటి అంతర్జాతీయ ఎయిర్‌పోర్టుల్ని ఒకటి చూసేది. దాని దగ్గర ఆదాయం ఉంది. దేశీయ ఎయిర్‌పోర్టులు, దేశమంతా ట్రాఫిక్ కంట్రోల్ మరొకటి చూసేది. దాని దగ్గర బరువు ఉంది. పీవీ ప్రభుత్వం 1994లో చట్టం చేసి, 1995 ఏప్రిల్ 1 నుంచి ఆ రెండింటినీ కలిపేసింది. అలా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పుట్టింది. సంపాదన, బాధ్యత రెండూ ఒకే ఇంటి కిందకు వచ్చాయి.

కానీ విమానాలు పెరిగినంత స్పీడ్‌గా కింద ఏర్పాట్లు పెరగలేదు. 1996 మేలో పీవీ గద్దె దిగారు. ఆరు నెలలకే, నవంబర్ 12న ఘోరం జరిగింది. ఢిల్లీకి దగ్గర్లోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజకిస్థాన్ విమానాలు గాల్లో ఢీకొన్నాయి. 349 మంది చనిపోయారు. సౌదీ విమానానికి 14 వేల అడుగులు, కజక్ విమానానికి 15 వేల అడుగులు అని కంట్రోలర్ సరిగ్గానే చెప్పాడు. కజక్ విమానం చెప్పిన ఎత్తు కంటే కిందకు దిగిపోయింది. తప్పు వాళ్లదేనని విచారణలో తేలింది. అయితే ఎత్తు చూపించే సెకండరీ రాడార్ ఢిల్లీలో అప్పటికి వాడుకలోకి రాలేదు. పైలట్ నోటిమాటే ఆధారం. వచ్చే, వెళ్లే విమానాలకు దారి కూడా ఒక్కటే. ఆ ప్రమాదం తర్వాతే వేర్వేరు దారులొచ్చాయి, ఢీకొనే ముప్పును ముందే పసిగట్టే పరికరం విమానాల్లో తప్పనిసరి అయింది.

ఇప్పటికీ అదే లోటు..

పీవీ తెరిచిన ఆకాశంలో ఇప్పుడు సామాన్యుడు కూడా ఎగురుతున్నాడు. కానీ ఆయన కాలం నాటి చిక్కుముడి ఇంకా పూర్తిగా వీడలేదు. కంట్రోలర్ల కొరత, వాళ్ల అలసట గురించి 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో ఆందోళన చెప్పింది. విమానాలకు ఆర్డర్ ఇవ్వడం ఒక సంతకం పని. రాత్రి రెండింటికి స్క్రీన్ ముందు కళ్లార్పకుండా కూర్చునే మనిషిని తయారు చేయడం ఏళ్ల పని.

2004 డిసెంబర్ 23న పీవీ ఢిల్లీలో కన్నుమూశారు. దేశ రాజధానిలో అంత్యక్రియలకు చోటు దొరకలేదన్న బాధ తెలుగువాళ్లకు ఇప్పటికీ ఉంది. 2024లో భారతరత్న వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది. అప్పుడు ఆయన పార్థివ దేహం విమానంలోనే హైదరాబాద్ చేరింది, 25న హుస్సేన్ సాగర్ ఒడ్డున అంత్యక్రియలు జరిగాయి. ఆ చివరి ప్రయాణానికి కూడా ఢిల్లీలో ఒక కంట్రోలర్ దారి ఇచ్చాడు, హైదరాబాద్‌లో మరొకరు కిందకు దించారు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.