చాకలి పద్దు రాసిన రాయి



స్పోర్ట్స్ డే వచ్చేస్తోంది. ఇన్విటేషన్ కార్డు ఈపాటికి మీ ఫ్రిజ్ మీదకి ఎక్కే ఉంటుంది. వీపు మీద పేరు, నంబరు ఉన్న జెర్సీ వేసుకుని మీ పిల్లలు అద్దం ముందు రెండుసార్లైనా తిరిగి ఉంటారు. అచ్చు పని ఇంత సులువుగా మన ఇళ్లలోకి రావడం వెనక ఒక మనిషి కథ ఉంది. లా చదువు మధ్యలో ఆపేసిన కుర్రాడి కథ. ఈసారి మీరు, మీ పిల్లలు కలిసి చదవండి.

అతని పేరు అలోయిస్ సెనెఫెల్డర్. 1771 నవంబర్ 6న ప్రాగ్ నగరంలో పుట్టాడు. తండ్రి నాటక నటుడు. ఆ వృత్తిలో కష్టం తెలిసినవాడు కాబట్టి కొడుకు లాయరు కావాలనుకున్నాడు. ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయానికి పంపాడు. చదువు పూర్తికాకముందే తండ్రి పోయాడు. ఇంట్లో తల్లి, బోలెడంతమంది తమ్ముళ్లు, చెల్లెళ్లు. ఫీజు కట్టే దారి లేదు. అలోయిస్ చదువు వదిలి, తండ్రి వద్దన్న నాటకాల్లోకే వెళ్లాడు. అక్కడ నిలదొక్కుకోలేక నాటకాలు రాయడం మొదలుపెట్టాడు. మొదటి నాటకానికి కాస్త డబ్బు వచ్చింది. తర్వాతది అచ్చు ఖర్చుకే చాలీచాలనట్టు సరిపోయింది. దాంతో అతనికి ఒక మొండి ఆలోచన వచ్చింది: నా నాటకాలు నేనే ఎందుకు అచ్చు వేసుకోకూడదు?

ప్రెస్సు కొనే స్తోమత లేదు. రాగి రేకు మీద రాసి, యాసిడ్‌తో అక్షరాలు చెక్కే పద్ధతి నేర్చుకున్నాడు. అయితే రాగి ఖరీదైనది. పైగా అచ్చులో అక్షరాలు సరిగ్గా పడాలంటే రేకు మీద అన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి రాయాలి. ఆ రాత అలవాటు కావడానికి చవకగా దొరికే నున్నటి సున్నపురాయి పలక ఒకటి తెచ్చుకున్నాడు. మన ఇళ్లలో తాండూరు బండలు, కడప బండలు పరచినట్టే ఆ ప్రాంతంలో నేలకు పరిచే రాయి అది. మన బండలు కూడా సున్నపురాళ్లే.

1796లో ఒకరోజు, బట్టలు ఉతికే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. పద్దు రాయమని తల్లి అడిగింది. చేతికి కాగితం ముక్క దొరకలేదు. మైనం, సబ్బు, దీపం మసి కలిపి తాను చేసుకున్న సిరాతో అలోయిస్ ఆ పద్దును రాయి మీదే రాసేశాడు. తర్వాత తుడిచేయబోతూ ఆగాడు. దీని మీద యాసిడ్ పోస్తే ఏమవుతుందో చూద్దామనిపించింది. యాసిడ్ రాయిని తినేసింది గానీ, మైనం కింద ఉన్న అక్షరాలను ముట్టుకోలేదు. అవి పేకముక్క మందాన పైకి తేలాయి. సిరా పూసి కాగితం అద్దితే అచ్చు పడింది.

ఇక్కడితో కష్టాలు తీరాయనుకుంటే పొరపాటే. చిన్న ప్రెస్సు పెట్టుకోవడానికైనా డబ్బు కావాలి. ఒక పరిచయస్తుడి బదులు తాను సైన్యంలో చేరితే 200 గిల్డర్లు ఇస్తామన్నారు. ఒప్పుకుని వెళ్లాడు. పుట్టింది ప్రాగ్‌లో, బవేరియావాడివి కావు పొమ్మని వెనక్కి పంపేశారు. చదువు పోయింది, నాటకం పోయింది, చివరికి సిపాయి పని కూడా రాలేదు. రాళ్లు అరగదీస్తూ కూర్చున్న కొడుకును చూసిన ఆ తల్లి మనసు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆదుకున్నది ఫ్రాంజ్ గ్లైస్‌నర్ అనే సంగీతకారుడు. ఇద్దరూ కలిసి సంగీత స్వరాల పుస్తకాలు అచ్చు వేశారు. ఆ పని చేస్తూనే, 1798 ప్రాంతంలో సెనెఫెల్డర్ అసలు రహస్యం పట్టుకున్నాడు. అక్షరం పైకి తేలాల్సిన పనే లేదు! రాయి మీద జిడ్డు సిరాతో రాసి, కొంచెం యాసిడ్ కలిపిన తుమ్మ జిగురు పూసి, రాయిని తడపాలి. రాత లేని చోట రాయి నీటిని పట్టుకుంటుంది. జిడ్డు ఉన్న చోట నీరు నిలవదు. ఇప్పుడు జిడ్డు సిరా రోలరు దొర్లిస్తే, తడి ఉన్న చోట అంటదు, రాత మీద మాత్రమే అంటుతుంది. నూనె, నీళ్లు కలవవని మన వంటింట్లో అందరికీ తెలుసు. దాంతో అచ్చు వేయొచ్చని తోచింది మాత్రం అతనికే. ఇదే లిథోగ్రఫీ.

మీ పిల్లలతో ఇది చేసి చూడండి. తెల్ల కాగితం మీద కొవ్వొత్తితో బొమ్మ గీయించి, పైన వాటర్ కలర్ పూయించండి. మైనం ఉన్న చోట రంగు నిలవదు. ఎందుకో వాళ్లనే చెప్పమనండి.

తిరగేసి రాసే బాధకు కూడా అతనే మందు కనిపెట్టాడు. ప్రత్యేకమైన కాగితం మీద మామూలుగా రాసి, దాన్ని రాయి మీదకి ఒత్తితే రాత రాయికి ఎక్కుతుంది. ఒకచోట రాసింది మరోచోటికి ఎక్కించే ఈ ఆలోచన మీ పిల్లల జెర్సీలో ఇంకో రూపంలో కనిపిస్తుంది. పాలియెస్టర్ జెర్సీలకు ముందు కాగితం మీద పేరు, నంబరు తిరగేసి ప్రింట్ చేస్తారు. గుడ్డ మీద పెట్టి సుమారు 200 డిగ్రీల వేడితో ఒత్తితే, రంగు ఆవిరై దారంలోకి ఇంకిపోతుంది. సబ్లిమేషన్ అనే ఈ పద్ధతి సెనెఫెల్డర్ కాలానికి చాలా తర్వాతిది. నూలు గుడ్డకు ఇది పనికిరాదు. అందుకే కాటన్ టీషర్టులకు స్క్రీన్ ప్రింటింగ్ వాడతారు. సెనెఫెల్డర్ కూడా వియన్నాలో నూలు బట్టల మీద తన పద్ధతితో అచ్చు వేయాలని చూశాడు. అది నిలబడలేదు.

1799లో బవేరియా పాలకుడు 15 ఏళ్ల హక్కు ఇచ్చాడు. 1801లో ఇంగ్లండ్ పేటెంటు వచ్చింది. డబ్బు మాత్రం ఎక్కువగా ఇతరుల చేతుల్లోకే పోయింది. వ్యాపారం అతని వల్ల కాలేదనే చెప్పాలి. 1809లో ప్రభుత్వ భూపటాల ముద్రణాలయంలో ఉద్యోగం దొరికాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. 1818లో తన విద్యనంతా ఏమీ దాచుకోకుండా పుస్తకంగా రాసి ప్రపంచానికి ఇచ్చేశాడు.

రంగుల పోస్టర్ల వైభవం అతను చూడలేదు. రంగుకో రాయి చొప్పున వాడుతూ జూల్ షెరే పారిస్ గోడలను నాటకాల, సర్కస్‌ల పోస్టర్లతో నింపింది 1860ల తర్వాత. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ పోస్టరు కూడా లిథోగ్రాఫే. తర్వాత రాయి బదులు లోహపు రేకు, మధ్యలో రబ్బరు చుట్టిన సిలిండరు వచ్చి ఆఫ్‌సెట్ అయింది. మన సినిమా వాల్‌పోస్టర్లు, మీ చేతిలో ఉన్న ఇన్విటేషన్‌లాంటివి ఎక్కువగా అచ్చయ్యేది దాని మీదే. గేటు ముందు కట్టే ఫ్లెక్సీ మాత్రం వేరు, అది ఇంక్‌జెట్.

డైనోసార్లంటే ఇష్టపడే పిల్లలకు ఒక విషయం. లిథోగ్రఫీ రాళ్ల కోసం సోల్న్‌హోఫెన్ గనులు తవ్వుతుంటే 1861లో రెక్కల గుర్తులున్న ఒక శిలాజం బయటపడింది. దాని పేరులోనే ఆ ముద్రణ ఉంది: ఆర్కియోప్టెరిక్స్ లిథోగ్రాఫికా.

సెనెఫెల్డర్ 1834 ఫిబ్రవరి 26న మ్యూనిచ్‌లో కన్నుమూశాడు. బవేరియా భూపటాలు చెక్కిన రాళ్లు ఇరవై వేలకు పైగా ఆ నగరంలో ఇప్పటికీ అరల్లో వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటి మీద ఊళ్ల పేర్లన్నీ తిరగేసే ఉంటాయి.