చక్రగతి ఇంజను నిర్మాత ఫెలిక్స్ వాంకెల్

మన విజయవాడకు ఇంజను కొత్త వస్తువు కాదు. ఆటోనగర్ వీధులలో ఒక్క పూట తిరిగినవారికి లారీ ఇంజను లోపల ఏమున్నదో, దానిని విప్పి మరల కూర్చే చేతుల నేర్పు ఎట్టిదో తెలియకపోదు. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్ పరిసరాలను ముంచెత్తింది. ప్రకాశం బ్యారేజీ గుండా 11 లక్షల క్యూసెక్కులకు పైగా కృష్ణ నీరు దిగువకు సాగింది. ఆ రోజులలో నీట నానిన వాహనాలను చూసినవారు మనలో ఎందరో ఉన్నారు. అటువంటి బండి విషయంలో అనుభవశాలి అయిన మెకానిక్కు చెప్పే మొదటి హితవు, సెల్ఫ్ కొట్టవద్దని. గాలి ఒత్తిడికి లొంగుతుంది గాని నీరు లొంగదు. సిలిండరులో నీరుండగా ఇంజను తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

ఇంజను మునగడంలో మరొక విధమున్నది. వరదతో నిమిత్తం లేకుండా, తాను త్రాగవలసిన పెట్రోలులో తానే మునిగి మొరాయించడం. పాత అంబాసిడరు కార్లను, స్కూటర్లను నడిపిన మన పెద్దలకు ఇది పరిచితమే. ప్లగ్గు విప్పి, తుడిచి, ఆరబెట్టి మరల బిగిస్తే వాటి అలక తీరేది. కాని ప్రపంచంలోని కార్ల ఇంజనులలో ఈ జబ్బుకు మిక్కిలి పేరుపడినది, ప్లగ్గు తుడిచినంతనే లొంగనిది ఒకటున్నది. దానిని రోటరీ ఇంజను అంటారు. మన దేశపు రోడ్లమీద అది అరుదు. దానికి జన్మనిచ్చిన ఫెలిక్స్ వాంకెల్ జీవితాన్ని, అందులోని వెలుగును, చీకటిని కూడ, మా విద్యార్థి మిత్రుల ముందుంచదలచాము.

వాంకెల్ 1902 ఆగస్టు 13న జర్మనీలో, బాడెన్ ప్రాంతపు లార్ పట్టణంలో జన్మించారు. తండ్రి అటవీశాఖ ఉద్యోగి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైన కొద్దికాలానికే ఆయన రణరంగంలో మరణించగా, తల్లి కుమారుని వెంటబెట్టుకొని హైడల్‌బెర్గ్ చేరుకున్నారు. బాలుని చదువు ఎక్కువకాలం సాగలేదు. 1921లో పాఠశాల తుది పరీక్ష పూర్తి కాకుండానే ఆయన విద్యకు స్వస్తి చెప్పి, ఒక పుస్తక ప్రచురణ సంస్థలో పనికి కుదిరారు. విశ్వవిద్యాలయం మెట్లెక్కలేదు. ఏ ఇంజనీరింగు పట్టా పొందలేదు. దానికి తోడు తీవ్రమైన హ్రస్వదృష్టి. లోకానికి కొత్త కారు ఇంజనును ఇచ్చిన ఈ మనిషికి జీవితాంతం కారు నడిపే లైసెన్సు లేదు.

అయినను పదిహేడేళ్ల ప్రాయంనుండే ఆయన మనస్సులో ఒక ఇంజను తిరుగుతూ ఉండేది. సాధారణ ఇంజనులో పిస్టన్ ముందుకు వెనుకకు కదులుతుంది. ఆ కదలికను క్రాంకు షాఫ్టు చక్రగతిగా మారుస్తుంది. ఈ మార్పు మానవునికి చిరకాలంగా తెలిసినదే. 1206లో తన యంత్రశాస్త్ర గ్రంథాన్ని ముగించిన అల్ జజరీ, తిరిగే చక్రపు శక్తితో రెండు పిస్టన్లను ఇటునటు ఆడించి నీటిని తోడే పంపును అందులో వర్ణించాడు. మోటారు కారు చేసేది సరిగ్గా దానికి విలోమం. పిస్టన్ ప్రతిసారి వేగం పుంజుకొని, ఆగి, వెనుదిరగడంలో కుదుపు పుడుతుంది. మొదటినుండి తుదివరకు తిరుగుడే ఉంటే ఈ కుదుపు ఉండదు గదా అని వాంకెల్ తలచారు. 1924లో హైడల్‌బెర్గ్‌లో ఒక చిన్న పనిశాల తెరిచి, 1929లో చక్రగతి యంత్రంపై తొలి పేటెంటు సంపాదించారు.

ఇక్కడ ఆయన జీవితంలోని చీకటి భాగాన్ని చెప్పక తప్పదు. యౌవనారంభంలోనే ఆయన యూదులను ద్వేషించే సంఘాలలో చేరారు. 1922లో నాజీ పార్టీ సభ్యులయ్యారు. బాడెన్‌లో యువకుల దళాలకు నాయకత్వం వహించారు. తరువాత అక్కడి పార్టీ అధినేత రాబర్ట్ వాగ్నర్‌తో విభేదించి, అతనిపై అవినీతి ఆరోపణలు చేసి 1932లో పార్టీనుండి వెలివేయబడ్డారు. 1933లో నాజీలు అధికారానికి రాగానే వాగ్నర్ ఆయనను లార్ చెరసాలలో వేయించాడు. హిట్లరు ఆర్థిక సలహాదారు విల్హెల్మ్ కెప్లర్ జోక్యంతో కొన్ని నెలలకు విడుదలయ్యారు. ఈ చెరసాల కథను చూపి ఆయన నాజీలను ఎదిరించిన వీరుడని చెప్పుకొనుటకు వీలులేదు. అది పార్టీలోని అంతఃకలహం మాత్రమే. ఆ పార్టీ 1935లో యూదుల పౌరసత్వాన్ని హరించి, అటుపై సుమారు 60 లక్షలమందిని హతమార్చింది. వాంకెల్ 1940లో ఎస్.ఎస్. దళంలో ఉన్నతహోదా స్వీకరించారు. 1942లో అందులోనుండి కూడ తొలగింపబడ్డారు.

1936లో విమానయాన మంత్రిత్వశాఖ ఆయనకు కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున లిండావులో ఒక పరిశోధనశాల నిర్మించి ఇచ్చింది. యుద్ధవిమానాల ఇంజనులకు రోటరీ వాల్వులు, వాయువు కారకుండా ఆపే సీళ్లు అక్కడ ఆయన పరిశోధించారు. సీలు చూడడానికి చిన్న వస్తువు. కదిలే రెండు లోహభాగాల నడుమ సందులోనుండి వాయువు తప్పించుకుంటే ఇంజనులో కంప్రెషన్ ఉండదు. కంప్రెషన్ లేనిదే మంటకు బలముండదు. తిరిగే ఇంజనును వాంకెల్‌కు ముందు తలపెట్టినవారు అనేకులున్నారు. వారిలో పెక్కుమంది ఈ సందు దగ్గరే ఓడిపోయారు. వాంకెల్ మాత్రం దశాబ్దాలపాటు ఆ ఒక్క సమస్యపైనే దృష్టి నిలిపారు. 1945లో ఫ్రెంచి సైన్యం ఆయనను బంధించి, పరిశోధనశాలను మూయించింది. కొన్ని నెలల తరువాత విడుదలైన ఆయన లిండావులోని సొంత ఇంటిలో మరల పని మొదలుపెట్టారు.

1951లో ఎన్.ఎస్.యు. అనే మోటారుసైకిళ్ల కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1957 ఫిబ్రవరి 1న ఆ కంపెనీ పరీక్షాశాలలో వాంకెల్ ఇంజను మొదటిసారి తిరిగింది. ఆ నమూనాలో లోపలి త్రికోణంతోపాటు దానిని చుట్టిన గూడు కూడ తిరిగేది. ప్లగ్గు మార్చాలన్నా ఇంజను విప్పవలసి వచ్చేది. ఎన్.ఎస్.యు. ఇంజనీరు హాన్స్ డీటర్ పాష్కే గూటిని కదలకుండా నిలిపి, త్రికోణాన్ని మాత్రం తిప్పే సులభమైన పద్ధతిని రూపొందించారు. ఈ మార్పు వాంకెల్‌కు రుచించలేదు. కాని లోకంలో కార్లకెక్కినది ఆ రెండవ రూపమే.

దాని పనితీరు ఇది. వేరుశనగ కాయవలె నడుమ కొద్దిగా నొక్కుకున్న గూడు ఒకటి. అందులో భుజాలు ఉబ్బిన సమోసాను తలపించే త్రికోణం తిరుగుతుంది. త్రికోణానికీ గూటికీ నడుమ మూడు అరలు ఏర్పడి, తిరిగేకొద్దీ పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. ఇంధనం పీల్చుట, నొక్కుట, మండించుట, పొగ వదలుట ఈ అరలలోనే వరుసగా జరుగుతాయి. త్రికోణం ఒక్కసారి తిరిగేసరికి షాఫ్టు మూడుసార్లు తిరుగుతుంది. త్రికోణపు మూడు కొనలలో మూడు సన్నని సీళ్లు గూటి గోడను రాచుకుంటూ పోతాయి. ఇంజను ప్రాణమంతా ఆ మూడు సీళ్ల కొనలమీద ఉన్నది.

మునకకు మూలం కూడ అక్కడే. చల్లగా ఉన్న ఇంజనుకు మొదట పెట్రోలు ఎక్కువగా అందుతుంది. షెడ్డులోనుండి కారును బయటికి తీసి, ఒక్క నిమిషంలో ఆపివేశామనుకొందాము. మండని పెట్రోలు అరలలో మిగిలి ప్లగ్గులను తడుపుతుంది. అంతటితో ఆగక గోడలపై ఉన్న సన్నని నూనె పొరను కడిగివేస్తుంది. సీళ్లు గోడకు గట్టిగా అంటుకొనడంలో ఆ నూనెకు గొప్ప భాగమున్నది. నూనె పోగానే కంప్రెషన్ తగ్గుతుంది. ఇంజను అంటుకోదు. ఆదుర్దాతో సెల్ఫ్ కొట్టేకొద్దీ లోపలికి మరింత పెట్రోలు చేరి, బ్యాటరీ నీరసించి, స్థితి ఇంకా విషమిస్తుంది.

కనుక చికిత్సలో తొలి మెట్టు ఆగడం. బండి గాలి వీచే చోట ఉండాలి, దగ్గరలో నిప్పు ఉండరాదు. పెట్రోలు పంపు ఫ్యూజు తీసి సరఫరాను నిలపాలి. నిప్పురవ్వ పుట్టకుండా ఇగ్నిషన్‌ను వేరుచేయాలి. ఒక్కొక్క త్రికోణానికి రెండేసి ఉండే ప్లగ్గులన్నిటినీ విప్పాలి. అప్పుడు కొద్ది సెకన్లపాటు సెల్ఫ్ కొట్టి, నడుమ విరామమిస్తూ, లోపలి పెట్రోలును ప్లగ్గు రంధ్రాలగుండా వెలుపలికి పోనివ్వాలి. పిదప ప్రతి అరలో కొద్దిగా ఇంజనాయిలు వేసి నెమ్మదిగా తిప్పితే సీళ్లకు మరల నూనె అందుతుంది. ఆరిన ప్లగ్గులు బిగించి, ఛార్జి నిండిన బ్యాటరీతో, తీసినవన్నీ యథాస్థానంలో అమర్చి ప్రయత్నిస్తే ఇంజను సాధారణంగా మేల్కొంటుంది. వేసిన నూనె మండి కొంతసేపు దట్టమైన పొగ వస్తుంది, భయపడనక్కరలేదు. ఇంజను బాగా వేడెక్కేవరకు ఆపకుండా ఉండడం ముఖ్యం. ఇంత చేసినా అంటుకోకపోతే సీళ్లు అరిగినవేమో కంప్రెషన్ కొలిచి చూడవలసి ఉంటుంది.

సీళ్ల బలహీనత ఎన్.ఎస్.యు. కంపెనీని కూడ దెబ్బతీసింది. 1967లో వెలువడిన ఆర్.ఓ. 80 కారు ఎంతో ప్రశంస పొందినా, ఇంజనులు త్వరగా చెడిపోవడంతో హామీ క్రింద వాటిని మార్చి ఇవ్వలేక కంపెనీ నలిగిపోయి, 1969లో మరొక సంస్థలో లీనమైంది. అదే 1967లో జపానులోని హిరోషిమాలో మాజ్దా కంపెనీ తన కాస్మో స్పోర్టు కారును విడుదల చేసింది. గూటి గోడపై సీళ్లు గీసే గీతలను అక్కడివారు దయ్యపు గోళ్ల గుర్తులని పిలిచేవారు. కెనిచి యమమోటో నాయకత్వాన యువ ఇంజనీర్లు ఏళ్లతరబడి శ్రమించి, కర్బనం, అల్యూమినియం కలిపిన సీళ్లతో ఆ గుర్తులను తొలగించారు. అణుబాంబు విధ్వంసం చవిచూసిన నగరం, ఆ యుద్ధంలో తన దేశానికి మిత్రమైన నాజీ రాజ్యానికి పనిచేసిన మనిషి ఆలోచనను శాంతికాలపు వాహనంగా తీర్చిదిద్దింది.

వాంకెల్‌కు 1969లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. 1971లో తమ సంస్థను 10 కోట్ల మార్కులకు విక్రయించి ధనవంతులయ్యారు. జంతువులపై ప్రయోగాలను తగ్గించే పరిశోధనలకు బహుమతిని నెలకొల్పారు. 1973 నాటి చమురు సంక్షోభం పెట్రోలు ఎక్కువగా త్రాగే ఆయన ఇంజనుకు గొడ్డలిపెట్టయింది. 1988 అక్టోబరు 9న ఆయన హైడల్‌బెర్గ్‌లో కన్నుమూశారు. 1991లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో మాజ్దా రోటరీ కారు ప్రథమస్థానం పొందింది. ఆ విజయాన్ని చూచుటకు ఆయన లేరు. 2012లో రోటరీ ఇంజనుతో నడిచే మాజ్దా ఆర్.ఎక్స్. 8 కారు తయారీ నిలిచింది. 2023లో అదే కంపెనీ చిన్న రోటరీ ఇంజనును విద్యుత్ కారులో జనరేటరుగా మరల వినియోగించింది.

అల్పసంఖ్యాకుల విద్యకై నెలకొన్న కళాశాల పత్రికలో ఇటువంటి వ్యక్తి చరిత్ర ఎందుకని కొందరు మిత్రులు అడుగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పట్టా లేనివాడు, చూపు మందగించినవాడు, తండ్రి లేని బిడ్డ, ఒక్క సమస్యను నలభై ఏళ్లు విడువక సాధించాడన్నది సత్యం. ఒక అల్పసంఖ్యాక జాతిని సమూలంగా నాశనం చేయబూనిన పార్టీకి ఆయన తన యౌవనాన్ని, ఆ రాజ్యపు యుద్ధానికి తన ప్రతిభను అర్పించాడన్నదీ సత్యమే. మొదటిది మాత్రమే చెబితే స్తుతిపాఠమవుతుంది. రెండవది మాత్రమే చెబితే ఆ పనినుండి మనం నేర్వవలసినది నేర్వలేము. ఈ రెంటినీ ఒకే పుటలో చదువగలగడం విద్యావంతుని లక్షణమని మేము భావిస్తున్నాము.

మన మిత్రులలో రేపు ఆటోనగర్ షెడ్డులో ఇంజను విప్పేవారు ఉంటారు, పరిశోధనశాలలో ఇంజను గీసేవారూ ఉంటారు. అరలో ఎక్కడ కారుతున్నదో వెదకే ఓర్పును వాంకెల్ పనినుండి గ్రహింతురు గాక. మన నేర్పు ఎవరి చేతికి ఆయుధమగునో ముందుగా విచారించుకొనే వివేకాన్ని ఆయన బ్రతుకునుండి గ్రహింతురు గాక.