పప్పన్నంతో కలియుగ భీముడు

కలియుగ భీముడిగా పేరు పొందిన కోడి రామమూర్తి నాయుడు 1882లో వీరఘట్టంలో జన్మించారు. చదువుకన్న సాముగరిడీలంటేనే ఆయనకు మక్కువ. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టరుగా పనిచేశారు. తరువాత సర్కసు కంపెనీ పెట్టారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంపేవారు. రెండు చేతులకూ గొలుసులతో కట్టిన కార్లను కదలనిచ్చేవారు కాదు. రొమ్ము మీద ఏనుగును నిలిపేవారు.

ఇంతటి బలశాలి శాకాహారి. ఇందులో వింతేమీ లేదు. కండ మాంసకృత్తులతో తయారవుతుంది. మాంసకృత్తుల్లో ఉండేవి 20 రకాల అమైనో ఆమ్లాలు. వాటిలో తొమ్మిదింటిని ఒళ్ళు తయారుచేసుకోలేదు, తిండి ద్వారానే రావాలి. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో అది పుష్కలం. పప్పులో కొరతగా ఉండే మెథియోనైన్‌ను అన్నం భర్తీ చేస్తుంది. పాలు, పెరుగులో తొమ్మిదీ ఉంటాయి. ఈ 20లో చివరిదైన థ్రియోనైన్‌ను అమెరికాలో కనుగొన్నది 1935లో. అప్పటికే రామమూర్తి ప్రదర్శనలు దేశమంతా ప్రసిద్ధం.

నేడు జిమ్ముల్లో వాడే వే ప్రోటీన్ పొడి కూడా పాల విరుగుడు తేట నుంచి తీసిందే. పప్పు, పెరుగు ఉన్న ఇంట్లో కుర్రవాడి డబ్బా కోసం అప్పు చేయడం దండగ. పైగా సాము లేనిదే ఏ పొడీ కండ కాదు. మూత్రపిండాల జబ్బున్నవారు వైద్యుణ్ణి అడగనిదే ముట్టకూడదు.

రామమూర్తికి కాలిపై పుండు లేచి ముదిరింది. చివరకు కాలు తీసేయవలసి వచ్చింది. 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు.