మితభాషి మహామేధావి – పాల్ డిరాక్

జమాఖర్చులతో జీవితం గడిపిన మనకు నచ్చే ఒక శాస్త్రవేత్త కథ ఇది.

పాల్ డిరాక్ 1902 ఆగస్టు 8న ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జన్మించారు. తండ్రి స్విట్జర్లాండు నుండి వచ్చిన ఫ్రెంచి ఉపాధ్యాయుడు. భోజనాల వేళ తనతో ఫ్రెంచిలోనే మాట్లాడాలని ఆయన శాసనం. ఆ భాషలో మనసులోని మాట చెప్పలేక బాలుడు మౌనానికి అలవాటు పడ్డాడు. 1921లో ఇంజనీరింగు పట్టా పొందినా ఉద్యోగం దొరకలేదు. గణితం చదివి 1923లో కేంబ్రిడ్జి చేరారు. 1925లో అన్నగారు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ ఏడాది చివరనే డిరాక్ తొలి గొప్ప వ్యాసం వెలువడింది.

1928లో ఆయన ఎలక్ట్రానుకు ఒక సమీకరణం రాశారు. బొంగరం తిరుగుడును తలపించే 'స్పిన్' అనే గుణం అందులోంచి దానంతటదే వచ్చింది. దానితోపాటు అర్థంకాని రుణశక్తి పద్దు కూడా వచ్చింది. డిరాక్ దాన్ని కొట్టివేయలేదు. మొదట అది ప్రోటాను అనుకున్నారు. పొరపాటు గ్రహించి, అది ఎలక్ట్రానుకు ప్రతికణమని 1931లో ప్రకటించారు. 1932లో అమెరికాలో ఆండర్సన్ దాన్ని కనుగొన్నారు. అదే పాజిట్రాను. 1933లో డిరాక్‌కు, ష్రోడింగర్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఎలక్ట్రాను, పాజిట్రాను కలిస్తే రెండూ మాయమై గామా కిరణాలుగా మారతాయి. అయితే శక్తి లెక్కతోపాటు స్పిన్ లెక్క కూడా సరిపోవాలి. నెమ్మదిగా కలిసిన జంటలో స్పిన్‌లు ఎదురెదురైతే మొత్తం సున్నా. సాధారణంగా రెండు కిరణాలు వెలువడి వ్యతిరేక దిశల్లో పోతాయి. స్పిన్‌లు ఒకే వైపు ఉంటే మొత్తం ఒకటి. రెండు కిరణాలతో ఆ ఖాతా మూయడం కుదరదు, కనీసం మూడు కావాలి. ఈ జంట అణువులా కలిసివుండే పాజిట్రోనియంను 1951లో గుర్తించారు. శూన్యంలో మొదటి రకం సగటు ఆయుర్దాయం సుమారు 0.125 నానోసెకన్లు, రెండవ దానిది 142. అంటే వెయ్యి రెట్లకు పైగా! ఆసుపత్రుల్లో క్యాన్సరు జాడ తెలిపే పెట్ స్కాను ఆ ఎదురెదురు కిరణాల జంటలనే పట్టుకుంటుంది.

డిరాక్ 1969లో కేంబ్రిడ్జి నుండి రిటైరయ్యారు. ఊరక కూర్చోక అమెరికాలోని ఫ్లారిడాలో పనిచేస్తూ 1984 అక్టోబరు 20న కన్నుమూశారు. 1995లో లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయన స్మారక ఫలకం వెలసింది. దానిపై ఆయన సమీకరణం చెక్కి ఉంది.

లెక్క కుదరని పద్దును కొట్టివేయకుండా, ఓపికగా మళ్ళీ చూడాలని ఆ మితభాషి జీవితం మనకు చెబుతోంది.