మూడు కన్నుల శకటం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని మోటారు కర్మాగారాలు కార్ల తయారీని కట్టిపెట్టి యుద్ధసామగ్రిని ఉత్పత్తి చేశాయి. 1945లో యుద్ధం ముగియగానే కొత్త కార్ల కోసం ప్రజలు బారులు తీరారు. పెద్ద సంస్థలు మాత్రం 1942 నాటి నమూనాలకే స్వల్పంగా మెరుగులు దిద్ది విక్రయించసాగాయి. అట్టి తరుణంలో, మునుపెన్నడూ ఎరుగని కారును నిర్మిస్తానంటూ ముందుకు వచ్చిన సాహసి ప్రెస్టన్ టక్కర్.

టక్కర్ 1903 సెప్టెంబరు 21న మిచిగాన్ రాష్ట్రంలోని కేపాక్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. మోటారు పరిశ్రమకు పుట్టినిల్లయిన డెట్రాయిట్ పరిసరాల్లో పెరిగాడు. చిన్నతనంలోనే కాడిలాక్ సంస్థ కార్యాలయంలో పనికుర్రవాడుగా చేరాడు. కొంతకాలం పోలీసు ఉద్యోగం చేశాడు. చలికాలంలో గస్తీ కారు లోపలికి ఇంజను వేడి వచ్చేటట్లు ముందున్న రేకుకు రంధ్రం చేసి పై అధికారుల ఆగ్రహానికి గురయ్యాడు. పిదప కార్ల విక్రేతగా రాణించాడు. ఎదుటివారిని ఒప్పించే వాక్చాతుర్యం ఆయనకు పుట్టుకతో వచ్చిన సంపద.

పందెపు కార్ల నిర్మాణంలో ప్రసిద్ధుడైన హ్యారీ మిల్లర్‌తో కలిసి 1935లో ఇండియానాపోలిస్ పందేనికి ఫోర్డ్ సంస్థ కోసం కార్లు సిద్ధం చేయించాడు. వ్యవధి చాలక హడావిడిగా ముగించిన పని అది. ఇంజను వేడికి స్టీరింగు బిగుసుకుపోయి, వాటిలో ఒక్కటి కూడా పందెం పూర్తి చేయలేకపోయింది. విద్యార్థులు ఈ తొందరపాటును గుర్తుంచుకోవాలి. ఆయన కథలో ఇది మళ్ళీ ఎదురవుతుంది.

1946లో టక్కర్ స్వంత సంస్థను నెలకొల్పాడు. యుద్ధకాలంలో బి-29 బాంబరు విమానాల ఇంజన్లు తయారైన చికాగోలోని విశాల కర్మాగారాన్ని ప్రభుత్వం నుంచి అద్దెకు తీసుకున్నాడు. అలెక్స్ ట్రెములిస్ అనే రూపశిల్పి కారుకు ఆకృతి కల్పించాడు. దాని ఇంజను వెనుక భాగాన ఉంటుంది. ముందు వైపు రెండు దీపాల నడుమ మూడవ దీపం వెలుగుతుంది. కారు మలుపు తిరిగేటప్పుడు ఆ దీపం కూడా స్టీరింగుతో పాటు తిరిగి, మలుపులోని చీకటిని ముందుగా చూపిస్తుంది. మనవారికి ఫాలనేత్రుడు స్ఫురించే ఆ దీపాన్ని చూసి పాశ్చాత్యులు తమ పురాణాలలోని ఒంటికన్ను రాక్షసుణ్ణి తలచుకున్నారు. ప్రమాదం జరిగితే ముందు అద్దం ప్రయాణికులకు గుచ్చుకోకుండా బయటికి ఊడిపడుతుంది. తల తగిలే చోట మెత్తని దిండు కట్టు ఉంటుంది. ప్రయాణికుల ప్రాణరక్షణను గూర్చి అంతగా ఆలోచించిన కార్లు ఆనాడు అరుదు.

1947 జూన్ 19న తొలి కారును వేలాది ప్రజల ఎదుట ప్రదర్శించవలసి ఉండగా, చివరి గడియలలో చక్రాలను మోసే కడ్డీలు విరిగిపోయాయి. అతిథులు వేచి ఉండగానే వాటిని బాగు చేశారు. ఇంజను రొద వినపడకుండా వాద్యబృందం చేత బిగ్గరగా వాయింపజేశారు. ఆ కారుకు వెనుకకు నడిచే గేరు కూడా లేదు! ఆ భారీ ఇంజనును తరువాత వదిలివేసి, హెలికాప్టరు కోసం రూపొందిన ఫ్రాంక్లిన్ ఇంజనును నీటితో చల్లబడేటట్లు మార్చి అమర్చారు.

వాటాల అమ్మకంతో వచ్చిన కోట్ల డాలర్లు చాలలేదు. అందుచేత టక్కర్ ఒక వింత పద్ధతి అవలంబించాడు. కారు తయారు కాకముందే దానికి కావలసిన రేడియో, సీటు కవర్లు, పెట్టెలు అమ్మి, కొన్నవారికి వరుసలో చోటు కల్పించాడు. వాటాల వ్యాపారాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంఘం 1948లో దర్యాప్తుకు పూనుకున్నది. పత్రికలలో నిందలు వచ్చాయి. వాటాల ధర పతనమైంది, కర్మాగారం మూతపడింది. మిగిలిన కొద్దిమంది పనివారు ఉన్న భాగాలతో కార్లను పూర్తి చేశారు. తొలి నమూనాతో కలిపి మొత్తం 51.

1949 అక్టోబరులో టక్కర్‌పైనా ఆయన సహచరులపైనా మోసపు నేరం మీద విచారణ మొదలైంది. 1950 జనవరి 22న న్యాయస్థానం అందరినీ నిర్దోషులని తేల్చింది. అప్పటికి కర్మాగారం ఆయన చేతిలో లేదు. పెద్ద సంస్థలు కుట్ర పన్ని ఆయనను అణగద్రొక్కాయని అభిమానుల వాదం. అది ఎట్లున్నా, లేని కారుకు పెట్టెలు అమ్మడం ఆయన స్వయంగా కొనితెచ్చుకున్న చిక్కు అని చెప్పక తప్పదు. అయితే మోసగాడైనవాడు 51 కార్లను నిర్మించి రోడ్డెక్కించడు కదా!

బ్రెజిల్ దేశంలో మరొక కారు నిర్మించాలని ఆయన సంకల్పించాడు గాని ఊపిరితిత్తుల క్యాన్సరు అడ్డుపడింది. 1956 డిసెంబరు 26న ఇప్సిలాంటిలో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. 1988లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా ఆయన జీవితాన్ని చలనచిత్రంగా తీశాడు. ఆ దర్శకుని తండ్రి ఒకనాడు టక్కర్ సంస్థలో వాటాలు కొని, కారు కోసం పేరు నమోదు చేయించుకున్నవాడే. ఆ కారు ఆయనకు అందలేదు.